మూడో ఊయలలో గొంతు

డాక్టరుగారి రౌండ్‌కు ముందు నర్సు శ్రీదివ్య చేయాల్సినవి నాలుగు. రెండో ఊయలలో పాపకు జ్వరం చూడాలి. మూడో ఊయలలో బాబును తూచాలి. తడిసిన గుడ్డలు మార్చాలి. ఆ మూడో ఊయలలో కొత్తగా ఎక్కించిన గొంతు సరిగ్గా వినిపిస్తోందో లేదో చూడాలి.

నరసరావుపేటలోని ఆ ఆస్పత్రికి స్మార్ట్ ఊయలలు వచ్చి నెల కాలేదు. బిడ్డ ఏడిస్తే వాటంతటవే ఊగుతాయి, తల్లి గొంతు వినిపిస్తాయి. మూడో ఊయలలో బాబు ఏడ్చి ఏడ్చి రెండు రోజుల్లో వంద గ్రాములు తగ్గాడు. వాడి తల్లి హిమజకు కాన్పైన మూడో రోజు ఫిట్స్ వస్తే గుంటూరు పంపారు. గొట్టం వేశారు, మాట లేదు. ఆమె ఫోన్లోంచి భర్త వెంకటేష్ ఒక రికార్డింగు పంపాడు. “ఇదొక్కటే దొరికింది సిస్టర్” అన్నాడు.

బాబు ఏడ్చాడు. ఊయల ఊగింది. హిమజ గొంతు బతిమాలింది.

“మావయ్యా, తాగింది చాల్లేండి. తన్నమాకండి, నాకసలే ఒళ్ళంతా నొప్పులు. అరవమాకండి, అందరూ చూస్తన్నారు. పడుకోండి.”

బాబు ఊరుకున్నాడు. ఊయల ఊగినందుకే అనుకుంది శ్రీదివ్య. తలెత్తి బయటికి చూసింది.

అద్దం తలుపు బయట హిమజ మామగారు నిలబడి ఉన్నాడు. బెల్లంకొండ నుంచి వచ్చి నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాడు. ఆస్పత్రిలో చేరిన రోజు, వెంట వచ్చినవారి పేరడిగితే హిమజ నోటితో చెప్పలేదు. “మామ పేరు పలకగూడదు సిస్టర్, రాసిస్తా” అని ‘కోటయ్య’ అని రాసింది. మర్యాద అనుకుంది శ్రీదివ్య. భయమని ఇప్పుడు తెలిసింది.

బయటికి వచ్చింది.

“హిమజ మావయ్య మీరేగా?”

“నేనేనమ్మా. నా కోడలు బంగారం.”

“కడుపుతో ఉన్నప్పుడు కూడా తన్నులేనా?”

“అప్పుడే చానా ఎక్కువమ్మా. పిల్లకు కంటిమీద కునుకుండేది కాదు.”

“మీ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదా?”

“ఏమంటామమ్మా? మా ఆడమనిషైతే, మా ఇంటి వాటమే అంతని మురిసిపోయేది.”

శ్రీదివ్య వెంటనే ఆస్పత్రి అవుట్‌పోస్టు కానిస్టేబుల్ ఖాదర్ వలికి ఫోన్ చేసింది. లోపలికెళ్ళి, రికార్డింగు తీసేసే బటన్ మీద వేలు పెట్టింది.

“ఏందమ్మా, తీసేస్తన్నావా?” కోటయ్య గుమ్మం దాటి వచ్చేశాడు. “తీయమాకమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆ పిల్లకు మళ్ళా మాటొచ్చిద్దో రాదో. వాళ్ళమ్మ గొంతన్నా వాడికి గుర్తుండాల.”

“ఇదా గుర్తుండాల్సింది?”

ఖాదర్ వలి పుస్తకం పట్టుకుని వచ్చాడు. “ఏంది పెద్దాయనా, తాగొచ్చి కోడల్ని తన్నావంట?”

“నేనా?”

కోటయ్య ఖాదర్ వలిని చూశాడు. శ్రీదివ్యను చూశాడు, ఊయలను చూశాడు. ఒక్కసారిగా ఏదో తట్టినట్టు జేబు తడుముకుని, మడతపెట్టిన కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు. బర్త్ సర్టిఫికెట్ ఫారం. ఫిట్స్ రాకముందు హిమజ తన చేత్తో నింపినది.

శ్రీదివ్య ఒక వేలు ఇంకా బటన్ మీదే ఉంది. రెండో చేత్తో మడత విప్పింది.

బిడ్డ పేరు దగ్గర ‘కోటయ్య’ అని ఉంది.