ఎదురుతన్నిన పొగ

పొయ్యి తలుపు తీయగానే పొగ ఎదురుతన్ని మేస్త్రి మొహాన కొట్టింది. దగ్గు తెరలుతెరలుగా వచ్చింది.

"పచ్చి కట్టెలు తగలేశావా?" భార్య మీద అరిచాడు.

"పోయినేటి కట్టెలు. మీరే కొట్టి మీరే పేర్చారు," అందామె కళ్లు తుడుచుకుంటూ. "కిటికీ వేలెడు తియ్యండి. ఊరందరికీ చెప్పేది అదేగా మీరు!"

నిజమే. ఎవరింట్లో పొయ్యి పొగ కక్కినా పిలుపు మేస్త్రికే వస్తుంది. గొట్టం చూస్తాడు, కట్టె చూస్తాడు, చివరికి "ఇంట్లోకి గాలి రాకపోతే పొగ పైకెట్లా పోతుందమ్మా? కిటికీ వేలెడు తీసిపెట్టు" అని తేల్చేస్తాడు. అలాంటి మనిషి నిన్న సాయంత్రం తన ఇంటినే సీసాకి బిరడా బిగించినట్టు బిగించాడు. సందుల్లో గుడ్డలు కుక్కాడు. వెనకగదిలో కూతుర్ని పెట్టి తాళం వేశాడు. ఆ గది కిటికీకి బయటినుంచి అడ్డంగా రెండు చెక్కలు కొట్టాడు.

"కిటికీ మాటెత్తావంటే ఊరుకోను," అన్నాడు.

వెనకగది తలుపు దబదబా మోగింది.

"నాన్నా, తలుపు తియ్యి! పదకొండింటికి విచారణ! నేను వెళ్లకపోతే చచ్చిపోయిన పిల్లదే తప్పంటారు!"

"అంటే అననీ! చచ్చినదానికి పోయేదేముంది? బతికున్నవాళ్లు తినొద్దూ?"

కుట్టు ఫ్యాక్టరీలో ఆ అమ్మాయిది కూతురి పక్క మిషనే. పనివాళ్లు కిటికీల దగ్గర నిలబడి కాలక్షేపం చేస్తున్నారని యజమాని కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టించాడు. హాల్లో పొయ్యి ఎదురుతన్నింది. పొగ మింగి అమ్మాయి మిషన్ మీదే వాలిపోయింది. ఆ రాత్రికి రాత్రే చెక్కలు పీకించేసి, కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి, గొట్టం మూత ఆ పిల్లే మూసుకుందన్నాడు ఆ పెద్దమనిషి. పీకేసిన చెక్కల్లో ఒకదాన్ని పనివాళ్లు దాచారు. దానికీ జవాబుంది ఆయన దగ్గర.

"ఆ చెక్క మేమే ఎక్కణ్ణుంచో తెచ్చామంటున్నాడు నాన్నా!" లోపల్నుంచి కూతురు గొంతు బొంగురుపోయింది. "కొట్టినవాణ్ణి తీసుకురండి అని నవ్వుతున్నాడు! కళ్లారా చూసినదాన్ని, నేనైనా చెప్పొద్దా?"

మేస్త్రి పొయ్యి తలుపు ఠపీమని మూశాడు. ఈసారి పొగ అంచుల్లోంచి వచ్చింది.

"కిటికీ వద్దంటే గొట్టమన్నా చూడండి," అంది భార్య మెత్తగా. "పిట్ట గూడు పెట్టిందేమో. నిప్పు లాగేస్తాను, మీరు పైకెక్కండి. కింద మసికి గోనె నేను పడతాను."

ఆ మాట నచ్చింది మేస్త్రికి. తప్పు గొట్టానిదైతే కిటికీలతో పని లేదు. నిచ్చెన తేవడానికి ఇంటి వెనక్కి వెళ్లి, చెక్కలు ఓసారి లాగి చూశాడు. కదల్లేదు. మేకు పూర్తిగా దిగాక తల మీద పక్కనుంచి ఒకే ఒక్క దెబ్బ. తల ఎడమకి వంగి చెక్కలో కూరుకుపోతుంది. ఇక పీకుదామన్నా సుత్తికి అందదు. మేస్త్రి చేతి అలవాటు అది. మురిసిపోతూ నిచ్చెన ముందువైపుకి మోసుకెళ్లి కప్పెక్కాడు.

గొట్టంలో గూడూ లేదు, గుడ్డూ లేదు. అయినా ఎక్కినవాడు ఊరికే దిగుతాడా? బ్రష్షు దింపి తోమాడు. గొట్టాన్ని ఠంగుఠంగుమని బాదాడు. ఇల్లంతా మోగింది.

"మసి రాలుతోందా?" గొట్టంలోకి అరిచాడు.

జవాబు లేదు.

"ఏమే! నిన్నే!"

ఉహూఁ. కూతురి కేకలు కూడా ఆగిపోయాయి. అలిసిపోయుంటుంది, మంచిదే అనుకుని ఇంకాసేపు బాదాడు.

దిగి వచ్చేసరికి పొయ్యి ముందు నేలంతా మసి. గోనె మడతపెట్టినది పెట్టినట్టే ఉంది. కానీ పొయ్యి! భగభగా మండుతోంది. పొగ జాడ లేదు. గొట్టం పొగని గటగటా తాగేస్తోంది.

"చూశావా?" రొమ్ము విరుచుకున్నాడు. "ఒక్క కిటికీ తియ్యకుండా!"

"చూశాను," అంది భార్య. ఆమె ఇంకా రొప్పుతోంది.

"పిలిస్తే పలకవేం?"

"దగ్గొచ్చింది."

కట్టెలు గెలకడానికి ఇనప ఊచ అందుకున్నాడు. బలమైన ఊచ, నిన్నటిదాకా తిన్నగా ఉండేది. ఇప్పుడు కొడవలిలా వంగి ఉంది.

అప్పుడు తగిలింది పాదాలకి చల్లగాలి. వెనకగది తలుపు కిందినుంచి వస్తోంది.

జేబులోంచి తాళంచెవి లాగి తలుపు తీశాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది. మంచం ఖాళీగా ఉంది. ఒక్క గెంతులో వెనక్కొచ్చి పొయ్యి తలుపు లాగాడు. మంటల మధ్య చెక్క. చెక్కలో ఎర్రగా కాలుతున్న మేకు. తల ఎడమకి వంగి ఉంది.

"రెండో చెక్క ఏది?" అన్నాడు మేస్త్రి.

"పిల్ల పట్టుకెళ్లింది," అంది భార్య. "చెక్క పీకగానే మేకు వంక చూసి కూలబడిపోయింది. లేచి వెళ్తూ ఒక్కటే మాట అంది: 'ఫ్యాక్టరీ చెక్కకి కూడా మేకులు ఇలాగే ఉన్నాయమ్మా.'"