కారు తాళాలు

నాన్నకి డ్రైవింగ్ రాదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మే కారు నడిపేది. ఆవిడ పోయాక నాన్న తాళాలు తీసుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టాడు.

మెకానిక్‌ని నేను. వాడికి గేర్లు మార్చడం నేర్పింది నేను. అయినా అమ్మ రంగొచ్చిన వాడే నాన్నకి ముద్దు. నాన్న నలుపొచ్చిన నాకు ఎప్పుడూ పక్క సీటే. ఆరేళ్ళుగా కుళ్ళి చస్తున్నాను.

ఇవాళ వాడి చెయ్యి విరిగింది. నాన్నని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి నేనే నడిపాను, దర్జాగా.

వంతెన దగ్గర కొత్త భద్రతా చట్టం పేరుతో తనిఖీలు. ముందున్న నాలుగు కార్లనూ వదిలేసిన పోలీసు నా మొహం చూసి ఆపాడు.

"దిగరా! ముసలాడా, నువ్వూ!"

వెనక సీట్లో ఉన్న తమ్ముడి వైపు వంగి, "మీరు కూర్చోండి సార్. వీళ్ళు మిమ్మల్నేం చెయ్యలేదుగా?" అన్నాడు.

"వాళ్ళు మా నాన్న, మా అన్నయ్య!" అని వాడు అరుస్తున్నాడు. అప్పుడు కూడా వాణ్ణి చూస్తే ఒళ్ళు మండింది నాకు.

ఎలా నిలబడాలో తెలియక తడబడ్డాను. నాన్న మాత్రం ఎవరూ చెప్పకముందే చేతులు బానెట్ మీద ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టాడు.

"నాలాగే నిలబడు, కదలకు," అన్నాడు మెల్లగా. "మీ అమ్మ నేర్చుకునేదాకా మన కారు నేనే నడిపేవాణ్ణిరా."