కదలని ఇరవై నిమిషాలు

ఎనిమిదేళ్ల రేచల్ చేతులూ మెడా వాటంతటవే మెలికలు తిరుగుతాయి. అలాంటి పిల్లల మెదడు మీద పెద్దాసుపత్రిలో పరిశోధన జరుగుతోందనీ, ఎంపికైనవాళ్లకు వైద్యం కూడా చేస్తారనీ విని, తల్లి ఫ్లోరెన్స్ కంచరపాలెం నుంచి కూతుర్ని ఆ ఆసుపత్రికి తీసుకొచ్చింది.

“స్కానింగ్‌లో ఇరవై నిమిషాలు కదలకూడదమ్మా,” అన్నాడు డాక్టరు.

“కదలకుండా ఉంటే మీకాడికెందుకొత్తామండి?” అంది ఫ్లోరెన్స్.

రేచల్ కదలడంతో రెండుసార్లు స్కానింగ్ బొమ్మ చెదిరిపోయింది. ఈసారీ కదిలితే ఎంపిక చేయలేమన్నారు.

నిద్రలో ఆ మెలికలు ఉండవని ఫ్లోరెన్స్‌కు తెలుసు. మూడోసారి స్కానింగ్ రోజున కూతుర్ని తెల్లారకముందే లేపి, మధ్యాహ్నం దాకా కునుకు తియ్యనివ్వలేదు. యంత్రం ఎంత మోత పెట్టినా రేచల్ హాయిగా నిద్రపోయింది. బొమ్మ స్పష్టంగా వచ్చింది.

వారం తర్వాత డాక్టరు పిలిపించాడు. “పాప ఒక్కసారి కూడా కదల్లేదమ్మా. అందుకే పోలిక కోసం తీసుకునే ఆరోగ్యవంతుల జాబితాలో రాశాం. వాళ్లకు వైద్యం ఉండదు.”

“అప్పుడు నిద్దరోయిందండి. ఇప్పుడు సూడండి దాన్ని.”

“ఇప్పటిది పరిశోధనలోకి రాదు,” అంటూ, ఆరోగ్యవంతులైన పిల్లలకిచ్చే రంగు పెన్సిళ్ల పెట్టె రేచల్‌కు అందించాడు.

మెలిక తిరిగిన చేతుల్లోంచి పెట్టె ఎగిరిపడి, పెన్సిళ్లు గదంతా దొర్లాయి.

“ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఆమాత్రం అల్లరి ఉంటుందిలెండమ్మా,” అన్నాడు డాక్టరు, వంగి ఒక్కొక్కటే ఏరుతూ.