ఎత్తని ఫోను

బల్ల సొరుగులో ఏదో గరగరలాడింది.

పుల్లమ్మ చెవి దగ్గరున్న ఫోనులో కొడుకు పెట్టుకున్న పాట వస్తోంది. ఆ రోజు బెన్ని పుట్టినరోజు. సాయంత్రం దాకా ఆగలేక, కౌన్సెలింగు గదిలోనే వాడి నంబరు నొక్కింది.

పాట ఆగింది. సొరుగూ ఆగింది.

మళ్లీ నొక్కింది. పాటతోపాటే సొరుగూ మొదలైంది.

"ఆ సొరుగు తియ్యమ్మా" అంది పుల్లమ్మ.

కౌన్సెలర్ వాగ్దేవి కదల్లేదు.

పుల్లమ్మే లాగింది. వెనక సిలువ స్టిక్కరు, ఒక మూల పగులు. బెన్ని ఫోనే.

ఎనిమిది నెలల క్రితం ముక్త్యాలలో డ్యూటీ దిగి వస్తూ, బైకు అదుపు తప్పి పోయాడు బెన్ని. వత్సవాయి సమాధుల దొడ్డిలో, పెట్టెలో బైబిలు పక్కన ఆ ఫోను తన చేత్తోనే పెట్టింది పుల్లమ్మ. ఆ రోజు నుంచీ ఆరున్నరకి, వాడు ఇల్లు చేరే వేళకి, ఫోను చేస్తూనే ఉంది.

మోగేది. ఎవరూ ఎత్తేవారు కాదు.

మట్టికింద ఛార్జింగు ఎన్నాళ్లుంటుందని ఆమె ఆలోచించలేదు. ఆలోచించడానికి భయం.

తిండి మానేస్తే కూతురు జెరూషా నందిగామలో ఒక ట్రస్టువాళ్లు నడిపే ఈ గదికి తీసుకొచ్చింది.

వాగ్దేవి ఒక్కసారి కూడా "ఆపెయ్యండి" అనలేదు.

"చెయ్యాలనిపించినన్నాళ్లు చెయ్యండి, పుల్లమ్మ గారూ. ఆపేది మీరే. ఇంకెవరూ కాదు" అంది.

మిరప కోతల్లో "ఒసే పుల్లీ" అని కేకేసేవాళ్లే గానీ, ఆ పేరు చివర గారు చేర్చిన మొదటి మనిషి ఆమే.

ఒక్కోసారి "శుక్రవారం బాగా కష్టమైందా?" అని అడిగేది. నిజంగానే ఆ శుక్రవారం ఇరవైసార్లు చేసి ఉండేది. ఈ పిల్లకి ప్రవచన వరమేదో ఉందనుకుంది పుల్లమ్మ.

ఆ వరమేంటో ఇప్పుడు తెలిసింది.

"నా బిడ్డ సమాధి తవ్వించావా?"

"లేదండి."

"మరి ఇది నీకెట్లా వచ్చింది? ఎవరిచ్చారు?"

వాగ్దేవి గుమ్మం వైపు చూసింది. అక్కడ పుల్లమ్మ భర్త జీవరత్నం తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. తల దించుకున్నాడు.

"మీకు చెప్పకపోవడం నా తప్పేనండి" అంది వాగ్దేవి.

"నేనెన్నిసార్లు ఏడ్చానో సొరుగు తెరిచి చూసుకున్నావు. గారు, గారు అంటానే నా గొంతు కోశావు గదమ్మా."

కిందకి దిగి, ఆఫీసులో కంప్లయింటు రాయించి వేలిముద్ర వేసింది. "దొంగ అనే రాయండి" అని రెండుసార్లు చెప్పింది.

విచారణకని ఫోను వాళ్లే ఉంచుకున్నారు. పదో రోజు పిలిచి చేతిలో పెట్టారు.

"ఆమెని తీసేశామమ్మా. అద్దె గది కూడా ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఏ ఊరో మాకు తెలీదు" అన్నాడు గుమాస్తా.

"పోనియ్యండి, పీడ" అంది పుల్లమ్మ.

ఇంటికొచ్చాక జెరూషా ఫోను ఛార్జింగు పెట్టింది. ఆరుంపావుకి అది మోగింది.

పుల్లమ్మ ఉలిక్కిపడింది. "అన్నకి ఎవరో చేస్తున్నారే."

"ఫోను కాదమ్మా, అలారం. ఏదో రాసుంది."

"చదువు."

"ఆగండి" అన్నాడు జీవరత్నం. గోడకి ఆనుకుని కూలబడ్డాడు. "పెట్టె మూసేముందు దాన్ని తీసింది నేనే. కొని నెల కూడా కాలేదు, మట్టిపాలు ఎందుకని. నువ్వేమో రోజూ చేస్తానే ఉన్నావు. ఎక్కడ దాచినా ఆ మోత భరించలేక మున్నేట్లో పారేస్తానన్నా. ఆ మేడమే, నాకియ్యండి బాబాయ్ అని అడిగి తీసుకుంది. నా పేరు చెప్పొద్దని ఒట్టేయించుకున్నా."

పుల్లమ్మ అతని వైపు చూడలేదు.

"చదవ్వే" అంది.

జెరూషా చదివింది: "ఆరున్నరకి పుల్లమ్మ గారు చేస్తారు, ఛార్జింగు చూడాలి; ఎత్తకూడదు, కట్ చెయ్యకూడదు, ఆవిడ చాలనుకునేదాకా మోగనివ్వాలి."