చెంచా చప్పుడు

టక్. టక్. టకటక్.

"ముందుకి జరగండి. ముందుకి జరగండి. అన్నా, నువ్వూ అను."

మందుల సంచీతో వస్తున్న దర్జీ ఆవిడ వార్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

కిటికీ పక్క కుర్చీలో ఆమె భర్త. ఎదురుగా స్టూలు మీద, రోజూ వార్డంతా తిరిగే టోపీ ఆయన. స్టీలు చెంచాతో కుర్చీ చేతి మీద కొడుతూ, ఆ దెబ్బకో ముక్క చొప్పున మాట్లాడుతున్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది.

ఆమె భర్త ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరు. ముందు తలుపు దగ్గర కేక వేస్తే వెనక సీట్లో కునుకు తీసేవాడు లేచి చిల్లర వెతుక్కునేవాడు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కాలూ చెయ్యీ కాస్త కదులుతున్నాయి. మాట మాత్రం "ఊ" దగ్గరే ఆగిపోయింది. ఆరు నెలల్లో రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు.

"ఆయన్ని చూస్తే మీకు నవ్వులాటగా ఉందా?"

చెంచా ఆగింది.

"నోరు పడిపోయిన మనిషి ముందు కూర్చుని ఆయన కేకే వెక్కిరిస్తారా? రోజూ చూస్తున్నాను, ప్రతి మంచం దగ్గరా ఈ టకటకే. చెంచా వద్దు, వేలూ వద్దు. మా దగ్గర ఏ చప్పుడూ చెయ్యకండి."

టోపీ ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. వేళ్ళు కుర్చీ మీదికి వెళ్ళబోయి, ఆమె ముఖం చూసి వెనక్కి వచ్చేశాయి.

తల ఊపి, చెంచా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"సారీ అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయి కాబోలు" అంది ఆమె, అక్కడే ఉన్న సిస్టరుతో.

సిస్టరు ఏదో చెప్పబోయింది. ఇంతలో అవతలి మంచం వాళ్ళు పిలిచారు.

భర్త గుమ్మం వంకే చూస్తూ "ఊ! ఊ!" అన్నాడు.

"మీకూ కోపం వచ్చిందిగా. నాకు తెలుసు" అంది ఆమె, అతని దుప్పటి సర్దుతూ.

మర్నాటి నుంచి టోపీ ఆయన ఆ వైపు రాలేదు. వారం తిరిగాక వీళ్ళు ఇంటికి వచ్చేశారు.

ఇంట్లో పని కొండలా పడి ఉంది. బడి చొక్కాలు నలభై. అన్నీ కత్తిరించి పెట్టినవే, కుట్టే దిక్కు లేక మూలుగుతున్నాయి. భర్తని మిషను పక్కనే పడక కుర్చీలో కూర్చోబెట్టి, మధ్యాహ్నం తొక్కడం మొదలుపెట్టింది.

టకటక. టకటక. టకటక.

మూడో చొక్కా కాలరు దగ్గర ఉండగా ఎవరో అన్నారు.

"ముం... దుకి... జరగండి."

తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు.

భర్త వేళ్ళు కుర్చీ మీద ఆడుతున్నాయి.

"ఏమండీ, మీరేనా? ఏదీ, మళ్ళీ అనండి."

"ఊ" అన్నాడు అతను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె అతని వేళ్ళ వంక చూసింది, మిషను వంక చూసింది. కాసేపటికి ఏదో తట్టినట్టు, కాలు మళ్ళీ మిషను మీద పెట్టింది. సూదిలో దారం తీసేసింది, కింద గుడ్డ లాగేసింది. ఊరికే తొక్కింది.

"ముందుకి... జరగండి. ముందుకి జరగండి."

"ఎక్కడికండీ జరగడం, ఈ ఇరుకు గదిలో" అంది ఆమె, నవ్వుతూ ఏడుస్తూ. కాలు మాత్రం ఆపలేదు.

టకటక. టకటక.

"నువ్వు... తిన్నావా?" అన్నాడు అతను.

నాలుగు నెలల్లో ఆ మాట ఆమెని అడిగినవాళ్ళు లేరు.

ఆ వారం బడి చొక్కాలు ఆలస్యమయ్యాయి. ఎందుకంటే మధ్యలో ఒక పెద్ద చొక్కా కుట్టింది. కొలత తీసుకునే వీలు లేక, చూసిన గుర్తుతోనే కుట్టింది. జేబు కాస్త లోతుగా పెట్టింది, చెంచా పట్టేట్టు.

చొక్కా పొట్లం కట్టుకుని, భర్తని వెంటబెట్టుకుని వార్డుకి వెళ్ళింది.

"ఆయన లేరక్కా" అంది సిస్టరు. "వేరే ఊరి ఆసుపత్రి వాళ్ళు పిలిస్తే మొన్ననే వెళ్ళిపోయారు."

"ఆయనేమన్నా డాక్టరా?"

"కాదు. హిప్ హాప్ పాడేవారు. పదిహేనేళ్ళు."

"మా అమ్మాయి తలుపేసుకుని ఇల్లు అదిరేట్టు పెట్టేది. ఆ గోలేనా?"

"ఆ గోలే. మీ అమ్మాయిని అడగండి, పేరు చెప్తే ఎగిరి గంతేస్తుంది. తాళం వేసి మాటలు పోస్తుంటే మైదానం నిండా జనం నిలబడి వినేవారట. ఈయన గుక్క తిప్పుకునేవారు కాదట. ఎనిమిదేళ్ళ కిందట అన్నీ మానేసి, ఇదిగో, ఇలా వార్డులు తిరుగుతున్నారు."

దర్జీ ఆవిడ పొట్లం ముడి విప్పింది, మళ్ళీ వేసింది.

"ఆ రోజు అన్ని మాటలన్నానే. ఒక్క మాట బదులు చెప్పచ్చుగా ఆయన? చెప్తే ఆగిపోయేదాన్నిగా."

సిస్టరు ఆమె వంక ఒక్క క్షణం చూసి, సొరుగు తీసి చీటీ మీద నంబరు రాసింది.

పక్కనే కుర్చీలో కూర్చున్న భర్త దాని చేతి మీద వేళ్ళతో కొట్టాడు. "ఫోను... చెయ్యి. ఫోను చెయ్యి."

"చేస్తానండీ. చొక్కా ఎక్కడికి పంపాలో కూడా అడుగుతాను" అంది ఆమె, చీటీ అందుకుంటూ.

సిస్టరు చీటీ వెంటనే వదల్లేదు.

"ఫోను తీయగానే అటునుంచి చెంచా చప్పుడే వినిపిస్తుంది, పెట్టెయ్యకండక్కా. స్టేజీ మీదే ఆయనకీ ఇదే జబ్బు వచ్చింది, తాళం వెయ్యకపోతే ఈనాటికీ ఆయన నోట ఒక్క మాట రాదు."