కొట్టేసిన పేరు

ఆ రోజుకి ఆ ఇంటివాళ్లు నలుగురు: మంచం పట్టిన ముకందోలి, ఆమె ఇద్దరు చిన్నపిల్లలు, చనిపోయిన ఆమె అక్కకు పుట్టిన ఉవేరా.

ఊరి పెద్ద గసానా చెబుతుంటే సర్కారు కాగితం మీద ఇంట్లోవాళ్ల పేర్లు రాసింది ఉవేరాయే.

"పదహారేళ్ల పిల్ల ఉంటే పనిచేసే మనిషున్నట్టేనమ్మా. సర్కారు ఉచిత వైద్యం కార్డివ్వదు," అన్నాడతను.

"అయితే దాని పేరు తీసేద్దాం పెద్దయ్యా."

"శనివారం ఊరంతా కలిసి చేసే పనయ్యాక ఊరి సభలో ఇది చదవాలి. పిల్ల ఇంట్లోనే ఉందని పొరుగువాళ్లు లేచి చెప్పరూ?"

ముకందోలి ఉవేరా వైపు చూడలేదు. "కొట్టెయ్యవే. నీ చేతిరాత బావుంటుందిగా."

పిన్ని బతకాలి. కాగితం మీదే కదా అనుకుని ఉవేరా గీత గీసింది.

పెద్దయ్యను కొండవాలు దాకా సాగనంపి వచ్చేసరికి తన బట్టల మూట గడప బయట ఉంది.

"అమ్మ రావద్దంది అక్కా. నువ్వు కనబడితే తనకు మందులివ్వరట," అంటూ, ఉవేరా వీపున పెరిగిన చిన్నది తలుపు మూసేసింది.