చిక్కుడు పాదు కింద

ఒక పెరట్లో చుక్కలకోడికి నాలుగు పిల్లలుండేవి. గద్ద వస్తే చాలు, చిక్కుడు పాదు కింద దూరి బతికేవి. ఆ పాదు కాస్తా పసుపెక్కి ఎండిపోసాగింది. తల్లి గుండెల్లో రాయి పడింది.

"ఎరువు చేద్దాం రండర్రా!" అని పిలిచి, పాదు పక్కనే గుంట తవ్వించింది. ఎండాకులు ఒక వరస, కూరల తొక్కలు ఒక వరస వేయించింది. "నీళ్ళు చిలకరిస్తే చాలు, పోస్తే కంపుకొడుతుంది. రోజూ కాళ్ళతో కెలకండి. అది మనకి పుట్టుకతో వచ్చిన విద్యే!"

పది రోజులకి, కెలుకుతుంటే వానపాము బయటపడింది. చిన్నది బుడిగి చటుక్కున ముక్కున కరుచుకుంది.

"నన్ను మింగితే నీకొక్క పూట గడుస్తుంది తల్లీ! వదిలావంటే ఈ చెత్తంతా నేను ఎరువు చేసిపెడతా," అని వానపాము గిలగిల్లాడింది.

బుడిగి తల్లి వంక చూసింది.

"నన్ను చూడకే, నాకూ నోరూరుతోంది! ముందు నువ్వు నోరు తెరు," అని తల్లి మొహం తిప్పుకుంది.

బుడిగి కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. వానపాము జారి మట్టిలో దూరిపోయింది.

వానపాము చేసిన ఎరువుతో, తొలకరికి పాదు పందిరంతా అల్లుకుంది. గద్ద వచ్చి ఎంత తిరిగినా ఆకులే కనపడ్డాయి. విసుగెత్తి వెళ్ళిపోయింది.

బుడిగి కాలితో మట్టిని మెల్లగా తట్టింది.

"వానపాము మావా, గద్ద పోయిందిలే. ఇంక భయం లేదు."